సీసం గుండ్లు

పొద్దున్నే తాళం తిప్పగానే టిక్కుమని ఊరుకునే కారుని చూసి బ్యాటరీ చచ్చిందనుకుంటాం. చాలాసార్లు చచ్చేది బ్యాటరీ కాదు. దాని నెత్తిన పొట్టిగా నిలబడే సీసపు పోస్టుకీ, ఆ పోస్టుని కరుచుకునుండే క్లాంపుకీ మధ్య పొత్తు చెడుతుంది. యాసిడ్ తడి కొంచెం కొంచెంగా ఊరి అక్కడ తెల్లటి బూజు కడుతుంది. క్లాంపులో రాగి ఉంటే నీలంగా చిలుము పడుతుంది. రెండు చెంచాల వంటసోడా నీళ్ళలో కలిపి పోస్తే అదంతా బుసబుసా పొంగి కరిగిపోతుంది. మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బిగించి, పైన కాస్త వాసెలిన్ రాస్తే మళ్ళీ కొన్నాళ్ళ దాకా దాని జోలికి పోనక్కర్లేదు. ఖర్చంటారా, వంటింట్లో సోడా అడిగినందుకు పడే చీవాట్లే.

ఈ పాఠం నాది కాదు, మా మేష్టారిది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చెప్పి రిటైరయ్యారు. పటమటలో సొంత డాబా. కింద ఆయనా, భార్యా. మేడ మీద రెండు గదుల్లో అద్దెకి నేను. పాఠం చెప్పడం మానేసి ఏళ్ళయినా పాఠం ఆయన్ని మానలేదు. "చిన్న కారైనా సెల్ఫ్ కొట్టేటప్పుడు 150 ఆంపియర్లు లాగుతుందనుకో. ఆ బూజు వల్ల ఓంలో నూరోవంతు అడ్డం పడిందనుకో. ఎన్ని వోల్టులు అక్కడికక్కడే హారతి కర్పూరం?" అని చూపుడువేలు పైకెత్తుతారు. ఎవరో ఒకరు "ఒకటిన్నరండీ" అనేదాకా ఆ వేలు దిగదు. పాలవాడు కూడా ఒకటిన్నర అని చెప్పి తప్పించుకుని పోవడం నేను కళ్ళారా చూశాను.

పటమట అంటే ఆటోనగర్‌కి కూతవేటు దూరం. 1960లలో ఊరికి దూరంగా ఆ పేట లేచింది. ఆసియాలోకెల్లా పెద్దదని మావాళ్ళు చెప్పుకుంటారు. ఎవరు కొలిచారని అడక్కూడదు. ఛాసిస్‌గా వచ్చిన లారీ ఇక్కడ చెక్కా, రేకూ, రంగులూ తొడుక్కుని, వెనక తలుపు మీద నెమలినో పద్మాన్నో వేయించుకుని పెళ్ళికూతురిలా బయటికెళ్తుంది. కమాను కట్టలు, రేడియేటర్లు, డైనమోలు, లేతు మిషన్లు, దేనికదే ఓ వీధి. విరిగిన బ్యాటరీ పోస్టుకి సీసం పోసిచ్చేవాళ్ళు అందులో ఏదో ఒక మూల ఉండనే ఉంటారు. అలాంటి పేట పక్కన ఇల్లు పెట్టుకుని, ఆ పేటకి పైసా ముట్టజెప్పని మనిషి బెజవాడ మొత్తం మీద మా మేష్టారొక్కరే అయ్యుంటారు.

"పాతదైందని పారేస్తామా?" అన్నది ఆయన ఊతపదం. ఆ ఒక్కమాట మీద ఆ ఇంట్లో మూడు దశాబ్దాల కిందటి కుక్కరు మూడో పిడితో కూత వేస్తోంది. సీలింగు ఫ్యానుకి ఆయన చేత్తో చుట్టిన వైండింగే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ నీళ్ళలో ఉన్నప్పుడు, నానిపోయిన బళ్ళు వందలకొద్దీ షెడ్ల ముందు బారులు తీరాయి. మేష్టారు ఒక పాత శిష్యుడి స్కూటర్ బ్యాటరీని ఇంటికి తెప్పించుకుని, కడిగి, ఆరబెట్టి, మెల్లగా ఛార్జి ఎక్కించి బతికించారు. ఆ శిష్యుడు కొత్తది కొనుక్కునేవాడే. గురువుగారి మొహం చూసి నోరు మూసుకున్నాడు.

ఇంత తెలిసిన మనిషి కారు పోస్టు విరగడానికి కారణం మళ్ళీ ఆయన పొదుపే. కారు వాడని రాత్రి గడియారం, అలారం బ్యాటరీని తాగేస్తాయని మైనస్ క్లాంపు ఊడదీసి పడుకోవడం ఆయన అలవాటు. తీసేటప్పుడు ముందు మైనస్, పెట్టేటప్పుడు మైనస్ చివర. ఆ వరస మాత్రం ఏనాడూ తప్పలేదు. కారు ఒళ్ళంతా మైనస్సే కాబట్టి, ప్లస్ బిగించేటప్పుడు పానా పొరపాటున రేకుకి తగిలితే నిప్పులు రేగుతాయి. ముందే మైనస్ తీసేస్తే ఆ భయం లేదు. అంతవరకు బాగుంది. కానీ క్లాంపు బిగుసుకుపోయిన రోజున నట్టు బాగా వదులు చేసి దవడలు విడదీయాలి. ఆయన స్క్రూడ్రైవరు దూర్చి పైకి ఎత్తేవారు. సీసం మెత్తన. దానికి గట్టిదనం కోసం కాస్త యాంటిమొనీయో కాల్షియమో కలిపినా, రోజూ పక్కకి వంచితే మొదట్లో సన్నగా బీట వేస్తుంది. ఆ బీట పైకి కనపడదు.

సంక్రాంతి వెళ్ళాక ఒక శుక్రవారం మధ్యాహ్నం మేష్టారు మేడెక్కి వచ్చారు.

"రేపు మా అమ్మని తీసుకొచ్చేయాలోయ్. ఇవాళ వెళ్ళి రాత్రి అక్కడ పడుకుందాం. చీకటి పడితే నాకు ఎదురు లైట్లు ఆగడం లేదు. నువ్వు తోడొస్తే స్టీరింగ్ నీకిస్తాను."

పెట్రోలు నన్ను కొట్టించమనలేదు. ఆయన లెక్కలో అది దానకర్ణుడి పని.

ఆయన సొంతూరు దివిసీమలో, నాగాయలంక దాటాక ఓ చిన్న పల్లె. కోతలైపోయి మాగాణి నిండా మినుము పచ్చగా పరుచుకునుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో పూరిల్లు పోయాక కట్టిచ్చిన పక్కా ఇంట్లో మామ్మగారు ఒక్కరే ఉంటారు. ఎనభై దాటింది. నడుం వంగింది గాని నోరు వంగలేదు. ఎడమ కంట్లో శుక్లం ముదిరింది. మేమెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని, ఆ కంటితోనే చేటలో మినుములు ఏరుతున్నారు.

"ఈ అబ్బాయెవర్రా?"

"మన మేడ మీద ఉంటాడమ్మా."

"ఓహో. మేడ మీదా." నావైపు తేరిపార చూశారు. "గాలి బాగా వస్తుందా నాయనా?"

"బాగా వస్తుందండీ మామ్మగారూ. తూర్పు కిటికీ ఉంది."

"రెండు గదులట కదా?"

"రెండండీ."

"మంచిది, మంచిది" అని మళ్ళీ చేటలోకి వంగారు.

ఆ రాత్రి కూడా మేష్టారు బానెట్ ఎత్తి, అలవాటు ప్రకారం మైనస్ ఊడదీసి పడుకున్నారు. తెల్లారి తగిలించబోతే క్లాంపుతో పాటు పోస్టు కూడా చేతిలోకొచ్చింది. అడుగున అర అంగుళం కూడా లేని మొండెం మిగిలింది.

అవనిగడ్డలో మెకానిక్‌లు లేకపోలేదు. ఫోను చేస్తే గంటలో వస్తారు. ఆ మాటే అన్నాను.

"వచ్చినందుకు ఐదొందలు. చూసి, బ్యాటరీ మార్చాలంటాడు. అదో ఐదువేలు. మీటరు పెట్టి చూడు, 12.6 వోల్టులు నిండుగా ఉన్నాయి. ఆరు సెల్లులూ, ఒక్కోటీ 2.1, లక్షణంగా ఉన్నాయి. నెత్తి మీదిది ఒక్కటీ విరిగితే మొత్తం తీసి అవతల పారేస్తామా?"

అదిగో, ఊతపదం వచ్చేసింది. ఇక బ్రహ్మరుద్రాదులు దిగొచ్చినా మెకానిక్ రాడు.

ఈలోగా ఆయనకి ఫోనొచ్చింది. కాస్త పక్కకెళ్ళి మాట్లాడారు గాని, పల్లెలో పొద్దున్నపూట మాట దాగదు. "వచ్చేస్తున్నామండీ... నాలుగులోపు వచ్చేస్తాం... అడ్వాన్సు కట్టేశాం కదండీ, ఆ బెడ్డు ఇంకెవరికీ ఇవ్వకండి." కంటి ఆపరేషన్ అన్నమాట. చలికాలంలో చేయించడం మంచిదని మావైపు పెద్దవాళ్ళకి ఓ నమ్మకం. ఆపరేషన్ చేయించి, మందు చుక్కలు వేసే మనిషి ఉండాలి కాబట్టి దగ్గరే ఉంచుకుంటారు కాబోలు అనుకున్నాను. పిసినారే గాని తల్లి విషయంలో మంచివాడే.

ముందు తేలిక వైద్యం చేశారు. వడ్రంగి ఇంటినుంచి బర్మా తెప్పించి, మొండెం నడిమధ్యన కొద్దిలోతు బెజ్జం వేసి, అందులో స్క్రూ బిగించి, దానికి తీగ చుట్టి క్లాంపుకి కలిపారు. లోతు ఎక్కువైతే లోపలి పట్టీ దాకా పోతుందని బర్మా మొనకి దారం కట్టి గుర్తు పెట్టుకున్నారు. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగాయి. పిల్లలు ఈలలు వేశారు. తాళం తిప్పితే టిక్, టిక్, అంతే. స్క్రూ ముట్టుకుంటే చురుక్కుమంది. దీపానికి ఐదారు ఆంపియర్లు చాలు గనక ఆ స్క్రూ మోసింది. సెల్ఫ్ మోటారుకి కావలసింది సన్నపాటి స్క్రూలోంచి పోదు, క్లాంపు నలువైపులా నిండుగా పట్టుకునే సీసం కావాలి. "నిలబడ్డానికి స్క్రూ పనికొస్తుంది, మోయడానికి కాదు" అని తేల్చి, ఆ స్క్రూని అలాగే ఉంచారు. పోసే సీసం దాన్ని పట్టుకుని నిలుస్తుందని.

సీసం ఎక్కడినుంచి వస్తుంది? పల్లెలో రేడియో బాగుచేసే కొట్టు ఎప్పుడో మూసేశారు. ఆయన నడుం మీద చేతులు వేసుకుని ఆకాశం వైపు చూస్తుంటే గుమ్మంలోంచి మామ్మగారే అన్నారు:

"మీ నాన్న విసురు వలకున్నాయి కదరా."

అటక మీద గోనెసంచిలో ఉంది ఆ వల. పెద్దాయన వ్యవసాయదారుడే గాని, ఎండాకాలం కాలవలు కట్టేసి నీళ్ళు మడుగులు కట్టినప్పుడు వల భుజాన వేసుకుని పోయేవారట. కొర్రమీను పడిన రోజున వీధిలో పెద్దగా మాట్లాడుతూ వచ్చేవారట, జెల్లలు పడితే దొడ్డిదారిన. నూలు ఎప్పుడో పుచ్చి పొడైపోతోంది. అంచు చుట్టూ గుండ్లు మాత్రం బూడిదరంగులో బరువుగా అలాగే ఉన్నాయి. మామ్మగారు కత్తిపీట ముందేసుకుని ఒక్కొక్కటే తెంపారు. చూపు సరిగా లేకపోయినా వేళ్ళకి తెలుసు ఏది ఎక్కడుందో. రెండు గుప్పిళ్ళయ్యాయి.

"ఇన్నెందుకమ్మా, 40 గ్రాములు చాలు" అన్నారు మేష్టారు.

"ఉండనీ. మళ్ళీ విరగదా ఏంటి."

ఇక్కణ్ణుంచి మేష్టారి చేతులు చూడవలసిందే. ఆయన పిసినారితనాన్ని ఎంత వెక్కిరించినా ఆ పూట ఆయన పనిలో వంక పెట్టడానికేం లేదు. బ్యాటరీని కారులోంచి దింపి కొబ్బరిచెట్ల కింద గాలికి పెట్టించారు. ఛార్జి అయ్యేటప్పుడు లోపల హైడ్రోజన్ పుడుతుంది. గాలిలో అది నూటికి 4 పాళ్ళున్నా రవ్వ తగిలితే పేలుతుంది. అందుకని మూతల మీద తడి గోనె కప్పి, ఒక గంట ఎవర్నీ దరిదాపులకి రానివ్వలేదు. బీడీ కాల్చుకుంటూ వచ్చిన పెద్దమనిషిని వీధి చివరిదాకా సాగనంపారు.

అచ్చు కోసం పౌడర్ డబ్బా రేకు సన్నగా కత్తిరించి, క్లాంపు బెజ్జంలో సరిగ్గా పట్టేలా గొట్టంలా చుట్టారు. ప్లస్ పోస్టు కొలత తీసుకోబోతే నేనే ఆపాను, అది లావుగా ఉందని. మెచ్చుకోలుగా చూశారు. "శభాష్. లావు పోస్టుల రకంలో ప్లస్ 17.5 మిల్లీమీటర్లుంటే మైనస్ 15.9. ఎందుకలా?" వేలు లేచింది. "తారుమారుగా తగిలించకుండానండీ" అన్నాను. దిగింది.

రేకు గొట్టాన్ని మొండెం చుట్టూ నిలబెట్టి, అడుగున సీసం కారిపోకుండా కాలవగట్టు బంకమన్ను మెత్తారు. దాన్ని అలాగే వదల్లేదు. చుట్టూ వేడి బూడిద పోసి ఎండబెట్టారు. తడి మన్ను మీద కరిగిన సీసం పడితే ఆవిరి ఎగదన్ని మొహాన చిమ్ముతుందట. బ్యాటరీ డబ్బా ప్లాస్టిక్ 160 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, సీసం కరగాలంటే 327 డిగ్రీలు కావాలి. కాబట్టి అచ్చు చుట్టుపక్కల తడిగుడ్డలు పరిచారు. "లోపలికి వేడి దిగిందా, మొండెం కూడా ఊడి ప్లేట్ల మధ్యన పడుతుంది. అప్పుడు నిజంగానే పారేయాలి."

కరిగించడానికి ఇనుప పోపు గరిటె అడిగారు. ఇచ్చేముందు తల్లికి జాగ్రత్త చెప్పారు కూడా: "సీసం విషం అమ్మా. ఒకసారి ఇందులో కరిగించాక ఈ గరిటె మళ్ళీ వంటకి పనికిరాదు."

"ఇంకెవరు పోపు పెడతార్లే ఇక్కడ" అని ఇచ్చేశారావిడ.

దొడ్లో కట్టెల పొయ్యి మీద, గాలికి ఎదురు కూర్చోకుండా, ముక్కుకి తువ్వాలు కట్టుకుని కరిగించారు. గుండ్లు కాసేపు మొండికేసి, ఉన్నట్టుండి ఒకదాని ఒడిలోకి ఒకటి జారి అద్దంలా మెరిశాయి. ఓ కొవ్వొత్తి ముక్క వేస్తే భగ్గుమని మండి, మురికి పైకి తేలింది. పుల్లతో తోసేశారు. మరో పక్క ఇనుప కడ్డీ కాల్చి, ఎర్రబడకముందే తీసి, మొండెం పైభాగం మీద ఆనించారు. పోసేది, ఉన్నది ఒకటిగా అతుక్కోవాలంటే ఉన్నది కూడా కాస్త కరగాలి. లేకపోతే పైకి టోపీలా ఉండి రెండో రోజున ఊడొస్తుంది. మొండెం తళుక్కుమన్న క్షణాన గరిటె ఎత్తి, ఆపకుండా, ఒకే ధారగా పోసేశారు.

గంటకి పైగా ముట్టుకోనివ్వలేదు. ఈలోగా పక్కింటావిడ వచ్చి రెండు కోళ్ళు, ఒక గంప పట్టుకుపోయింది. ఎదురింటి పిల్లవాడు రోకలి భుజాన వేసుకుని పోయాడు. "ఉప్పెనప్పుడు కూడా ఊరు వదల్లేదే నేను" అని మామ్మగారు ఎవరితోనో అంటుంటే వినపడింది. ఆ మాట విన్నావిడ కళ్ళొత్తుకోవడం కూడా చూశాను. పల్లెల్లో ఆపరేషన్ అంటే భయం ఎక్కువ.

రేకు ఊడదీసి, ఆకురాయితో గుండ్రంగా సరిచేస్తే, కొత్త పోస్టు కంపెనీదానికంటే కాస్త తెల్లగా నిలబడింది. "వల సీసం మెత్తన, ఇందులో యాంటిమొనీ లేదు. మరీ బిగించకూడదు. ఇకనుంచి రాత్రిపూట తీయను కూడా తీయను" అన్నారు. ఆ చివరి మాటకి నేను లోలోపల దండం పెట్టుకున్నాను.

బ్యాటరీ ఎక్కించి, ప్లస్ బిగించి, చివర మైనస్ బిగించారు. నన్ను తాళం తిప్పమన్నారు.

ఒక్కసారికే స్టార్టయింది.

పిల్లలు అరిచారు. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. బీడీ పెద్దమనిషి వీధి చివరినుంచే చెయ్యెత్తాడు. అంతమంది విద్యార్థులు మేష్టారికి రిటైరయ్యాక దొరకలేదు. బానెట్ మీద చెయ్యి వేసి మొదలెట్టారు. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన సీసం రేకులు, యాసిడ్ కలిపి మొదట ఇలాంటి బ్యాటరీ చేసిన దగ్గర్నుంచి ఎత్తుకున్నారు. "ఇవాళ్టికీ సూత్రం అదే. మరి పాతదని పారేశారా? ఇప్పటివాళ్ళకి ఓపిక లేదయ్యా. కాస్త చెడిందా, పనికిరాదంటారు. వాడుకున్నన్నాళ్ళూ వాడుకుని, మూలుగుతుంటే బయట పెడతారు. మనకి అన్నేళ్ళు చాకిరీ చేసిన వస్తువు, దగ్గర కూర్చుని ఒక్క పూట దాని సంగతి చూడలేమూ?"

"నిజమే నాయనా" అన్నారు మామ్మగారు, తలుపుకి తాళం వేస్తూ.

సామాను ఏమంత లేదు. ఒక ట్రంకుపెట్టె, మందుల డబ్బా, దుప్పటి, పెద్దాయన ఫోటో. వెనక సీట్లో కూర్చుని చిన్న గుడ్డమూట ఒకటి ఒళ్ళో పెట్టుకున్నారు.

పులిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి గబగబా దాటాం. కూచిపూడి దగ్గర మేష్టారు టీ తాగించారు, ఖర్చు తప్పిన సంతోషంలో. పామర్రు, ఉయ్యూరు దాటి కంకిపాడు వచ్చేసరికి మూడున్నర. ఇంకో అరగంటలో బెజవాడ. ఏ ఆసుపత్రి దగ్గర ఆపమంటారోనని అడగబోతుంటే, "ఇదిగో, ఎడమకి తిప్పు" అన్నారు.

చిన్న సందు. చివర కొబ్బరిచెట్ల మధ్యన పొడవాటి రేకుల షెడ్డు, కొత్తగా సున్నం కొట్టి ఉంది. వరండాలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. వాటిలో కూర్చున్న పెద్దవాళ్ళంతా ఒకేసారి కారు వైపు తలతిప్పి, తమవాళ్ళది కాదని తెలుసుకుని ఒకేసారి మళ్ళీ తిప్పేసుకున్నారు. గేటు మీద బోర్డు చదివాక నేను స్టీరింగ్ వదిలి కిందికి దిగలేకపోయాను.

రిజిస్టరు చంకన పెట్టుకుని ఒకాయన ఎదురొచ్చాడు. "ఆలస్యమైందేంటి సార్?"

"కారు ట్రబులిచ్చిందండీ. మైనస్ పోస్టు విరిగింది. ఏం చేశాననుకున్నారు?" మేష్టారు సంతకం పెడుతూనే మొత్తం చెప్పారు. బర్మా, బంకమన్ను, పోపు గరిటె, అన్నీ. "ఖర్చెంతయ్యుంటుందో చెప్పండి చూద్దాం." వేలు లేచింది. "సున్నా!"

"గ్రేట్ సార్" అని ఆయన రసీదు చింపి ఇచ్చాడు. "మామ్మగారిది మూడో బెడ్డు, కిటికీ పక్కన. గాలి బాగా వస్తుంది."

మామ్మగారు నావైపు చూసి చిన్నగా నవ్వారు. ట్రంకుపెట్టె లోపలికెళ్ళింది. ఫోటో లోపలికెళ్ళింది. మేష్టారు గడియారం చూసుకుని, "వస్తుంటానమ్మా, వీలు చూసుకుని. ఆదివారాలు ఎప్పుడైనా..." అన్నారు.

ఆవిడ ఒళ్ళోని గుడ్డమూట విప్పి ఆయన చేతిలో పెట్టారు. మిగిలిన సీసం గుండ్లు.

"ఇవి కార్లో ఉంచుకోరా అబ్బాయ్. మళ్ళీ విరిగితే పోసుకుందువుగాని. కారు బాగోలేక రాలేకపోయానమ్మా అని చెప్పే పని ఉండదు."